కొత్తలు చెయ్యని వేసవి

దబ్.

తెల్లవారుతుండగా ఇంటి వెనక మామిడిపండు రాలింది.

దబ్. ఇంకొకటి.

దుప్పట్లో నాకు నవ్వొచ్చింది. గోపి నిద్రలోనే నా గాజులు పట్టుకున్నాడు, అవి మోగకుండా. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. ఈ ఊళ్లో నాకు అన్నీ ముద్దొస్తాయి. గడప మీద పడే ఎండముక్క. అతని చొక్కాకు ఇంకా పోని పసుపు మరక. కొండంతా కమ్ముకున్న మామిడి వాసన... తియ్యగా, బరువుగా.

ఎవరూ తినని మామిడి.

మా కొండవాళ్లలో కొత్తల పండుగ కాకుండా ఎవరూ మామిడి ముట్టరు. ఊరిపెద్ద తొలి పండు కొండకు పెట్టాలి. డప్పు మోగాలి. అంతవరకు రాలిన పండు కూడా తీయకూడదు.

చలికాలంలో గ్రానైటు కంపెనీ వచ్చింది. రోడ్డన్నారు. కుళాయన్నారు. క్వారీలో పనన్నారు. ఊరు సరేనంది. ఊరిపెద్ద మా మామ సోములే. ఆయన అడిగింది ఒక్కటే — ఈ ఏటి కొత్తలు మా కొండ మీద చేసుకుంటాం, అవి కాగానే కొండ వదిలేస్తాం.

కంపెనీవాళ్లు నవ్వి ఒప్పుకున్నారు. మామిడి ఎన్నాళ్లు ఆగుతుంది?

తర్వాత పక్క కొండను పేల్చారు.

పక్కూరి రాగిచేను, మా మాటలో చోళ్ల చేను, దుమ్ముతో తెల్లబడింది. ఊట బురదయింది. గోడలు నిలువునా చీలాయి. దేనికి సరేనందో ఊరికి అప్పుడు తెలిసింది.

మాట తప్పడం మామకు చేతకాదు.

అందుకే పండుగ చెయ్యలేదు.

దబ్... దబ్...

కంపెనీ మేనేజరు మురళీమోహన్ జీపులో వస్తాడు.

"ఏం పెద్దాయనా, పండగెప్పుడు?"

"కొత్తలు అవ్వనేదు బాబూ."

"పండ్లు కుళ్లిపోతున్నాయి కదయ్యా!"

"కుళ్లనీ. మేం తిననేదు కదా."

అత్త దేముడమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. "కావలిస్తే నువ్వు తినెళ్లు బాబూ. నీకేటి అడ్డు?"

జీపు వెళ్లగానే ఆ నవ్వూ వెళ్లిపోతుంది. కుండలో చోళ్లు అడుగంటాయి. ఏటా వానాకాలం ఊరిని నిలబెట్టేది మామిడి టెంకల జావ. ఈసారి టెంకలన్నీ ఈగల కిందే ఉన్నాయి.

కొండ దిగి ఎచ్చెర్లలో చదువుకునేటప్పుడు బండి మీద ఉప్పూకారం చల్లిన ముక్కలు ఎన్ని తిన్నానో. ఇక్కడ గోపీ నేనూ కొమ్మ దగ్గర నిలబడి ఒకే పండుకు ముక్కులు ఆనించాం. నుదుళ్లు ఢీకొన్నాయి.

"ఒసే, వాసన సూస్తే తిన్నట్టేనేటి?" అన్నాడు.

నవ్వాం. ఆ పూటకు అదే తిండి.

ఒక మధ్యాహ్నం మేనేజరు నా దగ్గరకే వచ్చాడు. మామా గోపీ పొలంలో ఉన్నారు. అతని చేతిలో సంతలో కొన్న మామిడి, ముక్కలుగా కోసి.

"కొత్త పెళ్లికూతురివి. ఒక్కటి తినమ్మా. ఎవరూ చూడరు."

వెనక డ్రైవరు ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

ఊళ్లో ఒక్కరు ముందే తింటే చాలు. మర్నాడే కొత్తలు చేసి కొండకు తప్పు చెల్లించాలి. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పారో!

ముక్క నా అరచేతిలో పెట్టేశాడు. చల్లగా ఉంది. రసం మణికట్టు మీదికి, గాజుల కిందికి జారింది. నిన్నటి నుంచి కడుపులో గంజినీళ్లే. నోరంతా ఊరింది... నాలుక నాది కానట్టు కదిలింది.

ముక్కను నేల మీద పెట్టాను.

అత్త వచ్చి నా చెయ్యి బూడిదతో తోమింది. ఎర్రగా కందేదాకా తోమింది.

"ఏడవకే. ఏడిస్తే ఆకలి పెరుగుతాది."

ఆమే ఏడుస్తోంది.

ఆ సాయంత్రం గాలీ వానా. కొండ మీది పండ్లన్నీ ఒక్కసారిగా రాలాయి. దబదబా, దబదబా... ఎవరో డప్పు కొడుతున్నట్టు.

మర్నాడు మేనేజరు వచ్చాడు. వెనక పసుపుపచ్చని యంత్రాలు.

"పండ్లే లేవు. పండగ అయిపోయినట్టే."

"అయిపోనేదు బాబూ. మేం తిననేదు."

"తినడానికి ఏముంది పెద్దాయనా?"

మామ కొండ వైపు చూశాడు. యంత్రాలు ఆయన పక్కనుంచే కొండెక్కాయి.

ఈ తెల్లవారుజామున మెలకువ వచ్చింది. గోపి చెయ్యి నా గాజుల మీద ఉంది.

దబ్.

నవ్వబోయి ఆగాను.

చెట్ల మీద ఒక్క పండూ లేదు. గోడ సన్నగా అదిరింది.

దబ్...