కొక్కెం జారిందన్నారు

నేను ఒక కొక్కేన్ని. చేపలు పట్టేదాన్ని కాను, చొక్కాలు తగిలించేదాన్ని అంతకన్నా కాను. గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో గడియారాలు బాగుచేసే కనకారావు సన్నటి స్టీలు తీగ వంచి నన్ను చేశాడు. "మేక నరాలు వేలాడదీస్తారంట! ఇదేం చదువండీ బాబూ!" అని నవ్వి, కాగితంలో చుట్టి మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ భీమశంకరం గారి చేతిలో పెట్టాడు.

నా పని తేలికే. కబేళా నుంచి తెచ్చిన మేక రక్తనాళాన్ని ఉంగరాల్లా కోస్తారు. ఒక్కో ముక్కను నాకూ, నా కిందున్న మరో కొక్కేనికీ తగిలించి గోరువెచ్చని ఉప్పునీళ్లలో ముంచుతారు. ఒక మందుతో దాన్ని బిగించి, ఆ తర్వాత ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను చుక్క వేస్తారు. నాళం లోపలి పొరలో ఆ హార్మోనును పట్టుకునే గ్రాహకాలుంటాయి. హార్మోను తాకగానే అవి మేలుకుని, పొర చేత ఒక వాయువును వదిలిస్తాయి. బిగిసిన నాళం సడలుతుంది. ముందు తెలిసేది నాకే, తర్వాతే నాకు కలిపిన యంత్రం కాగితం మీద గీసే గీత దిగుతుంది.

భీమశంకరం గారి చేతిలో ఆ గీత పదకొండేళ్లు దిగలేదు. ఎలా దిగుతుంది? పైజామాకు బొందు ఎక్కించినట్టు నాళాన్ని నా మీదికి తోసేవాడు. లోపలి పొర కాస్తా నాకు రాసుకుని ఊడిపోయేది. గ్రాహకాలే లేకపోతే మేలుకునేదెవరు, నా తలకాయ! పైగా ఆయన తెప్పించేవన్నీ మేకపోతుల నాళాలే. ఆడవాళ్ల రక్తపోటు మీద ఆరు వ్యాసాలు రాసిన మహానుభావుడు ఒక్క ఆడమేక జోలికి పోలేదు.

ఆయన దగ్గర పీజీ చేస్తున్న డాక్టర్ ఎస్తేరు ఒకరోజు అడిగేసింది. "మా అమ్మకి నెలసరి ఆగిన ఏడాదే బీపీ పట్టుకుంది సార్. ఎందుకో తెలియాలంటే ఆడవాటిని చూడాలి కదండీ?"

"ఆడవి రోజుకో మాట చెబుతాయమ్మా. లెక్క నిలకడగా రాదు."

ఎస్తేరు వినలేదు. ఆడమేక నాళం తెచ్చి, పసిబిడ్డకు గాజు తొడిగినంత నెమ్మదిగా నాకు తొడిగింది. హార్మోను చుక్క పడింది. అబ్బ, ఆ సడలింపు! పదకొండేళ్ల నా బిగువంతా దిగిపోయింది. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది.

ప్రొఫెసర్ గీత చూసి మొహం మాడ్చుకున్నాడు. "కొక్కెం జారింది, అందుకే గీత దిగింది. స్పందన లేదని రాయి. లేకపోతే నీ థీసిస్ మీద నా సంతకం పడదు."

ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. సంతకం లేకపోతే ఆ పిల్ల మూడేళ్ల చదువు గంగలో కలిసినట్టే. అయినా మరో ఆరు ఆడమేకల నాళాల మీద చేసింది. ఆరుసార్లూ గీత దిగింది. ఆయన కుందేటికి మాత్రం మూడే కాళ్లు.

థీసిస్ పని చూడడానికి వేరే కాలేజీ నుంచి డాక్టర్ జుబేదా వచ్చింది. ఎస్తేరు ఆ ఏడు గీతలూ ఆమె ముందు పెట్టింది. "నేను చేసి చూపిస్తా, చూడండి మేడమ్" అని ప్రొఫెసర్ ఆడమేక నాళం ముక్కను నా మీదికి ఒక్క తోపు తోశాడు. చుక్క వేశాడు. గీత కదల్లేదు. "చూశారా!" అన్నాడు.

అదే నాళంలో పక్క ముక్కను ఎస్తేరు నాకే తొడిగింది. గీత చక్కగా దిగింది.

జుబేదా కళ్లద్దాలు సర్దుకుంది. "కొక్కెం జారితే మీ ఇద్దరికీ జారాలి కదా సార్? మీరు తొడిగిన ముక్క ఇటివ్వండి, లోపలి పొర మిగిలిందో లేదో చూద్దాం."

పొర మిగల్లేదు. సంతకం పడింది. ఎస్తేరు ఆ కాగితాన్ని గుండెలకు హత్తుకుని బయటికి పరుగెత్తింది, వాళ్లమ్మకు ఫోన్ చేయడానికి.

నన్ను మాత్రం ప్రొఫెసర్ వంకర సూదుల డబ్బాలో పడేశాడు. ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా మరి! నిన్న కొత్త బ్యాచ్ వచ్చింది. డబ్బాలో ఉన్న నాకు ఆయన గొంతు వినబడింది.

"లోపలి పొర జాగ్రత్తర్రా! ఆడ నాళాలు తప్పకుండా సడలుతాయి. పదకొండేళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే."