నేను తిప్పిన మూడో తెర

ముందుగా ఒక మాట. ఇందులో ఒత్తులు తప్పినా, దీర్ఘాలు జారినా చదివేవాళ్లు పెద్ద మనసుతో సర్దుకోవాలి. అరవై రెండో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఈ నాలుగు పేజీలు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అందులో ఒక రోజంతా కలం ఎక్కడ పెట్టానో వెతకడానికే పోయింది.

నలభై ఏళ్లు నేను చొక్కాలకు కాజాలు కుట్టాను. గుండీ దూరే చీలిక చుట్టూ దారంతో అల్లే పని అది. మా ఆయన బట్ట కత్తిరించి మిషను తొక్కేవాడు, నేను పక్కన కూర్చుని కాజాలు కుట్టేదాన్ని. ఆయన పోయాక కొడుకు దగ్గరికి వచ్చాను. కొడుకు దగ్గరికి అని మాటవరసకు అంటున్నాను గానీ, వాడు రైలు నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది నేనూ, మా కోడలూ.

కోడలు దుకాణాలకు లోపలి నమూనాలు గీస్తుంది. అల్మరా ఎక్కడ రావాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి, జనం ఎటు నుంచి ఎటు నడవాలి, అన్నీ ముందే లెక్క కడుతుంది. నిరుడు కంపెనీ ఉద్యోగం మానేసి ఇంట్లోనే సొంతంగా మొదలుపెట్టింది. బల్ల మీద రెండు మానిటర్లు, వాటి పక్కన వీఆర్ హెడ్‌సెట్. ఆ హెడ్‌సెట్ కళ్లకు బిగించుకుంటే ఇంకా కట్టని దుకాణంలో నిలబడి ఉన్నట్టే ఉంటుంది. అందులోంచే కంప్యూటర్ తెరలు కూడా గాలిలో వేలాడుతూ కనబడతాయి. కోడలు ఆ తెర మీద గోడను ఇటు జరిపితే, మన పక్కనున్న గోడ ఇటు జరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయాను.

నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ పిల్లే. కాగితం మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయని నేను సణుగుతుంటే, పాత మానిటర్ ఒకటి తెచ్చి నా గదిలో పెట్టింది. గోడకు చిల్లు పొడిచి కేబుల్ ఇవతలికి లాగింది, నాకో మౌస్ కూడా ఇచ్చింది. సాయంత్రం తన పని ముగిశాక నా తెర మీద పాఠం తెరిచి వెళ్లేది. పాఠాలు తనే రాసేది, నాకు తెలిసిన సంగతులతో. "సూదికి కన్ను ఒకటే, అయినా దారి తప్పదు" అన్నది నా ముప్పయ్యో పాఠం. నేను కూడా కంప్యూటర్ వాడగలిగేలా మెనూలన్నీ తెలుగులోకి మార్చేసింది.

ఇక అసలు సంగతి. ఒక బేకరీ ఆయన కొత్త దుకాణం పెట్టబోతూ కోడలి దగ్గరికి వచ్చాడు. పొయ్యి ముందు పెరిగిన మనిషి. పిండి చేత్తో పట్టుకుంటే చెమ్మ ఎంతుందో చెప్పేస్తాడట. కాగితం మీద గీతలు మాత్రం ఆయనకు బుర్రకెక్కవు. సోమవారం మూడు గంటలకు వచ్చి హెడ్‌సెట్‌లో చూస్తాననీ, కంటికి నచ్చితే పని కోడలిదేననీ, నచ్చకపోతే ఆమె మానేసిన ఆ కంపెనీకే ఇస్తాననీ చెప్పి వెళ్లాడు. ఆ చివరి మాట కోడలికి ముల్లులా గుచ్చుకుంది. నెల రోజులు తిండీ నిద్రా చూసుకోకుండా గీసింది. శనివారం సాయంత్రం హెడ్‌సెట్ పెట్టుకుని అంతా సరిచూసుకుని, చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నవ్వుతూ అన్నం తింది.

సోమవారం పొద్దున్న హెడ్‌సెట్ పెట్టుకునేసరికి కొంప మునిగింది. గాలిలో వేలాడే తెరలు పక్కలకు సాగిపోయి, పైనుంచి ఎవరో అదిమినట్టు ఉన్నాయట. గుండ్రని బల్లలు గుడ్లలా కనబడుతున్నాయట. మౌస్ బాణం ఒకచోట పెడితే నొక్కుడు ఇంకోచోట పడుతోందట. మానిటర్ల మీద చూస్తే మాత్రం అన్నీ చక్కగానే ఉన్నాయి.

కోడలు కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. కేబుల్ మార్చింది. హెడ్‌సెట్ అద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచింది. ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించింది. చివరికి హెడ్‌సెట్ అమ్మినవాళ్ల సహాయం నంబరుకు ఫోన్ చేస్తే, అవతలి మనిషి ఎన్ని మానిటర్లున్నాయని అడిగాడు. కోడలు బల్ల వంక చూసి రెండని చెప్పింది. రెండూ ఒకే కొలతలో ఉన్నాయా అంటే ఉన్నాయంది. అయితే హెడ్‌సెట్టే పాడైనట్టుంది, పంపిస్తే పది రోజుల్లో చూస్తామన్నాడు.

అప్పటికి రెండు కావచ్చింది. నేను టీ తీసుకుని వెళితే పిల్ల మొహం కత్తెర పడిన బట్టలా ఉంది.

"అత్తయ్యా, మీరొకసారి పెట్టుకుని చూడండి. తేడా దీంట్లో ఉందో, నా కళ్లలోనే ఉందో తెలియట్లేదు" అంది.

పెట్టుకున్నాను. చెప్పినట్టే ఉంది. నాకు వెంటనే మా ఆయన మాట గుర్తొచ్చింది. రెండు ముక్కలు నిలువు దారం పడుగు మీద, ఒక ముక్క అడ్డ దారం పేక మీద కత్తిరించి కలిపి కుడితే, కుట్టు ఎంత బాగా పడినా చొక్కా ఒంటి మీద మెలి తిరుగుతుందనేవాడు. ఇది కూడా అచ్చం అలాగే లాగుతోంది. అయితే మూడో ముక్క ఎక్కడిది?

నేను చదివేది అక్షరం అక్షరం కూడబలుక్కుని. గబగబా చదివేవాళ్లకు బొమ్మ మధ్యే కనబడుతుంది, నాలాంటిదానికి అంచులు కూడా కనబడతాయి. కుడి అంచున, సాగదీసిన పిండిలా, ఏదో రాత ఉంది. కోడలు దాన్ని చెడిపోయిన బొమ్మలో భాగమనుకుని వదిలేసినట్టుంది. నేను తల తిప్పి మెల్లగా చదివాను. సూ... ది... కి... కన్ను... ఒకటే.

అది నా ముప్పయ్యో పాఠం; తప్పు నాదేనని తెలిసిపోయింది.

ఎలాగో చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం కోడలు బజారుకు వెళ్లినప్పుడు, పుస్తకం పేజీ నిలువుగా ఉంటుంది గదా, నా తెర అడ్డంగా ఎందుకుండాలి అనిపించింది. తెరను దాని కాలి మీద పక్కకు తిప్పితే తిరిగింది, కానీ అక్షరాలు పడుకున్నాయి. అప్పుడు సెట్టింగులు తెరిచాను. 'దిశ' అన్న మాట చదివాను. దాని కింద 'నిలువు' అని చదివాను. నొక్కాను. అక్షరాలు లేచి నిలబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక ఎవరి సాయమూ లేకుండా చదివి చేసిన మొదటి పని అది. కోడలి హడావుడి తీరాక చూపించి మెచ్చుకోలు కొట్టేద్దామని, దుమ్ము పడకుండా తెర మీద ముక్కల గుడ్డ కప్పి ఉంచాను. అది నా సొంత పెట్టె అనీ, కోడలి కంప్యూటర్‌కు దూరపు చుట్టం మాత్రమేననీ నా నమ్మకం. అప్పుడప్పుడు నా బాణం దానంతట అదే పారిపోతుంటే మౌస్ ముసలిదైందనుకునేదాన్ని తప్ప, అవతలి గదిలో కోడలు కూడా అదే బాణాన్ని లాగుతోందని తట్టలేదు.

హెడ్‌సెట్ తీశాను. గడియారం చూస్తే రెండూ పది. చెప్పకుండా నా గదిలోకి పోయి తెరను తిప్పేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమవుతుంది. కానీ ఎదురుగా పిల్ల చల్లారిన టీ పట్టుకుని కూర్చుంది.

"అమ్మాయ్, మానిటర్లు రెండు కాదే, మూడు. మూడోదాన్ని నిన్న నేను తిప్పాను" అన్నాను.

కోడలు లేచి ఒక్క అంగలో నా గదిలో పడింది. గుడ్డ తీసి తెర చూసింది. తిడుతుందనుకున్నాను.

"నిలువుకు మార్చడం మీరే చదివి చేశారా?" అని అడిగింది.

అవునన్నాను. "తరవాత మెచ్చుకుంటాను, గుర్తుచేయండి" అంటూ తెరను అడ్డంగా తిప్పి, దిశ మార్చి, పరుగున వెళ్లి హెడ్‌సెట్ పెట్టుకుంది. సగం సరిపోయింది. బల్లలు గుడ్ల నుంచి బూరెలయ్యాయంది. కానీ ఇంకా ఏదో లాగుతోంది, నొక్కుడు ఇంకా పక్కకే పడుతోంది. రెండూ ఇరవై ఐదు.

ఇంకేమైనా మార్చారా అని అడిగింది. నేను గోడ వంక చూశాను.

మార్చాను. 'పరిమాణం' అన్నచోట అక్షరాలను రెండింతలు చేశాను. అది చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకంటే, కళ్లజోడు లేకుండా ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తానని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకుంటాను. కంటి డాక్టరు దగ్గరికి పోదామని కోడలు ఏడాదిగా బతిమాలుతుంటే, నీ కళ్లు చూపించుకోవే అని ఎద్దేవా చేసినదాన్ని. నిజానికి రెండేళ్లుగా దారం ఎక్కిస్తున్నది నా వేళ్లు, కళ్లు కాదు.

"అక్షరాలు పెద్దవి చేశాను. కనబడక" అన్నాను.

కోడలు నా మౌస్ నా చేతికే ఇచ్చి, "మీరే తగ్గించండి, మిగతా రెండింటితో సమానంగా" అంది. నేను 'పరిమాణం' వెతికి, వంద అని చదివి, నొక్కాను. నా పాఠం మళ్లీ చీమల బారైపోయింది. అవతలి గదిలోంచి కోడలి నవ్వు వినబడింది. శనివారం రాత్రి నవ్విన నవ్వే.

బేకరీ ఆయన మూడు కొట్టకముందే వచ్చాడు. హెడ్‌సెట్ పెట్టుకుని హాలు మధ్యలో నిలబడ్డాడు. ముందు చేతులు గాల్లో తడిమాడు. తర్వాత నడిచాడు. ట్రే మోస్తున్నట్టు రెండు చేతులూ చాపి, కనబడని పొయ్యి దగ్గర నుంచి కనబడని బల్ల దాకా వెళ్లి, తలుపు తన మోచేతికి తగులుతుందని చెప్పాడు. కోడలు అక్కడికక్కడే తలుపును రెండు జానలు జరిపింది. ఆయన మళ్లీ ట్రే మోశాడు.

"ఇప్పుడు తగల్లేదమ్మా. పని మొదలుపెట్టు" అన్నాడు.

పోతూ పోతూ, ఇలాంటి యంత్రాలు చెడిపోతే ఎవరు బాగుచేస్తారని అడిగాడు. ఇంట్లోనే మనిషుందని కోడలు నన్ను చూపించింది. ఎవరు చెడగొట్టారన్నది ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

మర్నాడు నేనే చెప్పులేసుకుని, కంటి డాక్టరు దగ్గరికి పోదాం పదవే అన్నాను. ఆ డాక్టరు గోడ మీద అక్షరాల వరస చూపించి ఎంతవరకు చదవగలరో చదవమంటే, నేను ముందు 'చదవగలను' అని గర్వంగా చెప్పి ఆ తర్వాతే కూర్చున్నాను. మూడు వరసల దగ్గర ఆగిపోయాను, అది వేరే సంగతి.

మెచ్చుకోవడం మాత్రం కోడలికి నేనే గుర్తుచేయాల్సి వచ్చింది. అప్పుడు నా తెరకు వేరే చిన్న కంప్యూటర్ తగిలించి, తెరను నిలువుగా తిప్పి పెట్టింది. ఇప్పుడు అది నిజంగానే నా సొంత పెట్టె. బాణం పారిపోవడం లేదు.

ఇట్లు, కాజాల అత్తయ్య. వయసు అరవై మూడు. ప్రస్తుతం ఉంటున్నది కొడుకు ఇంట్లో, కోడలి గది పక్క గదిలో, గోడకు చిల్లున్న వైపు.