మందు గాలి

బుల్లయ్య మావయ్యది ఉడుంపట్టు. మిరపచేలో పురుగుమందు కొట్టొచ్చి మంచమెక్కాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, ఒకటే వాంతులు. "మందు గాలి తగిలిందిరా సలీం, మజ్జిగ తాగితే పోద్ది" అన్నాడు. చివరికి కళ్లు తిరిగి పడ్డాక ఆటోలో వేసుకుని బ్రాడీపేట ఆసుపత్రికి తెచ్చాను.

"మీ అమ్మ పోయిన దారే నాదీ. నాకు తగిన శాస్తే" అని దారంతా అదే పాట.

మా అమ్మ లాల్‌బీ ఆయన చేలో మందు డ్రమ్ములకు నీళ్లు మోసేది. ఎవరికి మందు గాలి తగిలినా మజ్జిగలో ఉప్పేసి, నిమ్మకాయ పిండి, సత్తు గిన్నెతో పట్టించేది. రైతని కూడా చూడకుండా "తాగరా బుల్లిగా" అనేది. ఆయన నవ్వుతూ తాగేవాడు. కూలీలంతా గట్టుమీద చేరి ఇద్దర్నీ ఆటపట్టించేవాళ్లు.

ఓ వానాకాలం అమ్మకే జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. మందు గాలేనన్నాం అందరం. ఆమె మజ్జిగే ఆమెకు పోశాం. అమ్మ దక్కలేదు. అప్పట్నుంచి మందు కొట్టే రోజు మావయ్య ఒక్క ఆడమనిషిని చేలో అడుగు పెట్టనివ్వలేదు. నీళ్లు తనే మోసుకున్నాడు.

"మందు గాలికి ఇంత జ్వరమేంటండీ?" అంది ఎమర్జెన్సీలో నర్సు అఖిల. రక్తం తీసి చిన్న ప్లాస్టిక్ కార్డుమీద చుక్క వేసింది. కాసేపటికి రెండో గీత కూడా పడింది.

"డెంగీ అండి. డాక్టరుగారు సెలైన్ పెట్టమన్నారు. ఇంటి దగ్గర నీళ్లు నిలవుంటాయా?"

"చేలో మందు డ్రమ్ములున్నాయి. మూతల్లేవు" అన్నాను.

మావయ్య ఆ కార్డునే చూస్తున్నాడు. "అమ్మా, ఎప్పుడో పోయిన మనిషికి కూడా ఇదేనేమో చెప్పగలరా?"

"ఇప్పుడెలా చెప్పగలమండీ?"

ఆయన ముఖం తిప్పేసుకున్నాడు.

సాయంత్రానికి వాంతులు ఆగాయి. కొంచెం కొంచెంగా మజ్జిగ పట్టించమన్నారు డాక్టరుగారు. గ్లాసు పెదాల దగ్గర పెడితే మావయ్య నోరు తెరవలేదు.

"మందు గాలైనా, డ్రమ్ముల్లో దోమైనా నా చేలోనే కదరా సలీం..."

అమ్మకు వచ్చింది ఏ జబ్బో నాకూ తెలియదు. ఇప్పుడు ఆమె ఇక్కడుంటే ఏమనేదో మాత్రం తెలుసు.

"తాగరా బుల్లిగా" అన్నాను.

మావయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే గ్లాసంతా తాగాడు.