మేత ముట్టని రోజులు

మాల్యాద్రి నడుము వంచి తాడు లాగాడు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే నీళ్ళలోంచి పైకి వచ్చింది. ఇనుప చట్రానికి కుట్టిన వలగుడ్డ మీద పదిహేను రొయ్యల దాకా ఎగిరెగిరి పడుతున్నాయి. రెండు గంటల కిందట వేసిన మేతలో ఒక్క గింజ కూడా మిగల్లేదు. ఒక రొయ్యను రెండు వేళ్ళతో పట్టుకుని ఎండకు ఎత్తి చూశాడు. గాజులాంటి ఒంట్లో, వీపు పొడుగునా, పేగు నల్లటి గీతలా నిండుగా ఉంది.

“తిన్నాయా?” గట్టు మీంచి చెంచురామయ్య అడిగాడు.

“ఊడ్చేసినాయన్నా.”

“అయితే సరే.”

రోజూ పొద్దున వాళ్ళిద్దరి మధ్య నడిచే మాటలు ఇంతే. మైపాడు రోడ్డుకు ఎడంపక్క, ఉప్పుగాలి కొట్టే ఆ రెండు రొయ్యల గుంటల మీద వాళ్ళిద్దరూ ఎనిమిదేళ్ళుగా పని చేస్తున్నారు. మాల్యాద్రికి నలభై రెండేళ్ళు. మోకాళ్ళ కింద చర్మం ఉప్పునీళ్ళకు నాని, ఎండి, చేప పొలుసులా తెల్లగా తేలింది. తెప్ప మీద నిలబడి మేత విసిరీ విసిరీ కుడి భుజం ఎడమదానికంటే లావెక్కింది. చెంచురామయ్య అరవై ఆరేళ్ళవాడు. సరుగుడు కట్టెలా సన్నగా, నిటారుగా ఉంటాడు. భార్య పోయాక మోటారు షెడ్డులోనే నులకమంచం వేసుకుని ఉండిపోయాడు.

రొయ్యను నీళ్ళలోకి వదిలి, ట్రేని మళ్ళీ అడుక్కి దించి, మాల్యాద్రి గట్టెక్కాడు. కాళ్ళు కడుక్కుంటూ గాలి పీల్చాడు. బురద వాసన, మేత వాసన, దూరంగా సముద్రం వాసన. ఈ మూడు వాసనలూ వేరువేరుగా తెలియడం ఎంత గొప్ప సంగతో అతనికి తెలుసు. ఒకప్పుడు తెలిసేవి కావు.

రెండేళ్ళ కిందటి మాట. ఆ ఏడు రొయ్య బాగా వచ్చింది. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఒకరోజు పొద్దున మాల్యాద్రి లేవలేకపోయాడు. ఒళ్ళు తడిసిన గోనెసంచిలా బరువెక్కింది. అన్నం ఇసకలా నోట్లో తిరిగేది. కోడి కూయకముందే మెలకువ వచ్చేది, మళ్ళీ నిద్ర పట్టేది కాదు. కూతురు పక్కనే కూచుని నవ్వినా ఎక్కడో పక్కవీధిలో ఎవరో నవ్వినట్టు వినిపించేది. తను తినే ముద్ద దండగ అనిపించేది. ఊళ్ళో సూదులు వేసే ఆయన బలానికి మందు పొడిచి, గ్లూకోజు ఎక్కించాడు. అత్త ఏదో గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. భార్య రేవతి నెల రోజులు ఓర్చుకుని, ఆపైన తిట్టడం మొదలుపెట్టింది.

రెండు నెలలు చూసి చెంచురామయ్య ఇంటికి వచ్చాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న రేవతి చాట ఆపకుండానే చెప్పింది:

“బద్ధకం అన్నా. ఏ రోగమూ లేదని సూదులేసే ఆయన గూడా చెప్పినాడు. మొగోడు ఇట్ట మూలన పడుంటే సంసారం ఎట్ట నడిచేది?”

చెంచురామయ్య చెప్పులు విప్పి గడప మీద కూచున్నాడు.

“అమ్మా రేవతీ, రొయ్య మేత ముట్టకపోతే దానికి బద్ధకం అంటామా? నీళ్ళు పరీక్షకు పంపిస్తాం. మనిషినైతే మాత్రం తిడతాం.”

లోపలికి వెళ్ళి మంచం పట్టె మీద కూచున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్న మాల్యాద్రి వీపు మీద చెయ్యి వేశాడు.

“అబ్బయ్యా, చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తా ఉందా?”

అన్ని రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. మాల్యాద్రి గోడనే చూస్తూ “ఊ” అన్నాడు. బయట చాట చప్పుడు ఆగిపోయింది.

చెంచురామయ్య ఉలిక్కిపడలేదు, తిట్టలేదు, దేవుడి మాటలు చెప్పలేదు. “లెయ్. చొక్కా ఏసుకో. నెల్లూరు పోదాం” అన్నాడు.

రేవతి కూడా బయల్దేరింది. బస్సు ఇందుకూరుపేట దాటాక చెంచురామయ్య కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. “మా తమ్ముడు పెంచలయ్య ఇట్టనే మూల పట్టినాడు. నేను తిట్టినా. ఒకసారి కొట్టినా గూడా. ఒకరోజు పొద్దున చూస్తే వాడు ప్రాణాలతో లేడు. ముప్పై ఏళ్ళయింది.” తరవాత ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరు ప్రత్యూష చిన్న వయసు మనిషి. నిదానంగా ఒక్కొక్కటే అడిగింది. నిద్ర ఎట్లా ఉంది, ఆకలి ఎట్లా ఉంది, ముందు ఇష్టంగా చేసే పనులు ఇప్పుడు ఎట్లా అనిపిస్తున్నాయి, ఇంట్లోవాళ్ళకు బరువైపోయానని అనుకుంటున్నారా, ఇది ఎన్ని వారాల నుంచి. చావు గురించి కూడా అంతే మామూలుగా అడిగింది. రక్తం తీయించి థైరాయిడ్ చూసింది. అన్నీ అయ్యాక చెప్పింది:

“మీకున్నది డిప్రెషన్. షుగరు, బీపీ లాగా ఇదీ ఒక జబ్బే. మీ తప్పు కాదు. తగ్గుతుంది.”

తగ్గుతుందన్న మాట మాల్యాద్రి నమ్మలేదు. తప్పు కాదన్న మాట మాత్రం రేవతి చెవిలో పడింది. ఆమె పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు ఆమెకే మాత్రలు ఇచ్చి, దగ్గర పెట్టుకుని రోజూ ఒకటి ఇవ్వమనీ, కొన్నాళ్ళు అతన్ని ఒంటరిగా వదలొద్దనీ చెప్పింది.

మొదటి వారం కడుపులో తిప్పింది. రెండోవారం ఏ మార్పూ లేదు. “ఇవి నాకు పనిచెయ్యవన్నా” అని మాల్యాద్రి మాత్ర పక్కన పెడితే చెంచురామయ్య కసిరాడు. “డాక్టరమ్మ నెలరోజులు పడతాది అనింది. పదిరోజులకే నీకు తొందరైపోయిందా? రొయ్యపిల్ల ఏసిన పదిరోజులకే వల దించుతావా?” రోజూ పొద్దున వచ్చి లేపేవాడు. ఇద్దరూ గుంట చుట్టూ ఒక్క చుట్టు నడిచేవాళ్ళు. “ఈరోజు ఒక్క ట్రే ఎత్తు. చాలు” అనేవాడు. కొన్నాళ్ళకు ఒకటి రెండైంది, రెండు నాలుగైనాయి.

అయిదోవారంలో ఒక మధ్యాహ్నం మాల్యాద్రి తింటూ తింటూ ఆగి, “పులుసులో మామిడికాయ వేసినావా?” అని అడిగాడు. రేవతి గిన్నె ఎత్తుకొచ్చి ఇంకో గరిటె పులుసు అతని కంచంలో పోసింది.

ఇవాళ ఆసుపత్రికి పోవాల్సిన రోజు. పది గంటల బస్సుకు మాల్యాద్రి చొక్కా మార్చుకుని వచ్చేసరికి చెంచురామయ్య మేత బస్తా మూతి విప్పుతున్నాడు.

“మధ్యాన్నం మేత నేనేస్తాలే. నువ్వు పో. ఎండలో తిరగబాకు.”

“రెండుకంతా వచ్చేస్తానన్నా.”

“నిదానంగా రా. రొయ్యలు యాడికీ పోవులే.”

ఆసుపత్రిలో ఆలస్యమైంది. డాక్టరు పాత చీటీలన్నీ తిరగేసి, అడిగినవే మళ్ళీ అడిగి, కళ్ళజోడు తీసింది. “ఏడాది పైనే బాగున్నారు. మాత్ర మెల్లగా తగ్గిద్దాం. ఒక్కసారిగా మానేయొద్దు. నెలకొకసారి నాకు కనపడాలి. మళ్ళీ నిద్ర చెడినా, మనసు మొద్దుబారినా ఆ రోజే రండి.”

మాల్యాద్రి లేచి దణ్ణం పెట్టాడు. “మా అన్న మిమ్మల్ని అడిగినానని చెప్పమన్నాడు” అన్నాడు. చెంచురామయ్య అట్లా ఏమీ చెప్పి పంపలేదు. అయినా ఆ మాట అబద్ధమనిపించలేదు.

బస్సులో అతనికి నవ్వు ఆగలేదు. ఈ కబురు ముందు అన్నకే చెప్పాలి. ఆయన ఏమంటాడో కూడా తెలుసు. అయితే సరే, అంటాడు.

బస్సు దిగేసరికి మూడున్నర. పక్క గుంటల కాడ పనిచేసే జ్ఞానప్రకాశం రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. ఎదురొచ్చి మాల్యాద్రి చెయ్యి పట్టుకున్నాడు.

“అన్న పోయినాడు మాల్యాద్రీ. మేత ఏసి, అన్నం తిని పడుకున్నాడు. నేను బీడీకని వచ్చి పిలిస్తే పలకలేదు. నిద్దట్లోనే పోయినాడు. చిల్లకూరులో కూతురికి ఫోన్ చేసినాం, వస్తా ఉండారు.”

షెడ్డులో చెంచురామయ్య ఎప్పటిలాగే కుడిపక్కకు తిరిగి, చెంప కింద అరచెయ్యి పెట్టుకుని ఉన్నాడు. గోళ్ళ సందుల్లో మేత పొడి ఉంది. మాల్యాద్రి తువ్వాలు తడిపి ఒక్కొక్క వేలే శుభ్రంగా తుడిచాడు. చెవి దగ్గరికి వంగి, “మాత్ర తగ్గించిందన్నా డాక్టరమ్మ” అని చెప్పాడు.

అయిదింటికి కూతురూ అల్లుడూ వ్యాను తీసుకుని వచ్చారు. మాల్యాద్రి తలవైపు పట్టాడు. సన్నటి మనిషి, అయినా బరువున్నాడు. తెల్లారి చిల్లకూరు వస్తానని కూతురికి చెప్పాడు. వ్యాను మలుపు తిరిగాక గట్టు మీద కూలబడ్డాడు. రేవతికి ఫోన్ చేశాడు.

“నాకు భయంగా ఉంది రేవతీ. ఆయన లేకుండా... మళ్ళీ అది వస్తాదేమో.”

“జ్ఞానప్రకాశం చెప్పినాడు. నేను బయల్దేరినా. ఆటోలో ఉండా. ఏడుస్తా ఉండావా?”

అప్పుడు తెలిసింది, చొక్కా ముందుభాగం తడిసిపోయిందని. జబ్బు పడ్డ ఆ రోజుల్లో ఒక్క చుక్క కూడా వచ్చేది కాదు. ఎప్పుడో పోయిన తల్లి ఫొటో ముందు కూచున్నా రాలేదు. ఇప్పుడు గుండె ఎక్కడుందో తెలిసేలా నొప్పి పుడుతోంది.

“ఏడుస్తా ఉండా” అన్నాడు.

“ఏడు. నేను వస్తా ఉండా. రేపు డాక్టరమ్మకు గూడా ఫోన్ చేసి చెబుదాం.”

సాయంత్రం మేతకు అప్పటికే ఆలస్యమైంది. మాల్యాద్రి ముఖం కడుక్కుని తెప్ప ఎక్కాడు. తాడు పట్టి లాక్కుంటూ గుంట మధ్యకు పోయి మేత చల్లాడు. గింజలు నీళ్ళ మీద చినుకుల్లా పడ్డాయి. చెంచురామయ్య నడిచే దారిలోనే రెండు గుంటలూ తిరిగి, చివరికి షెడ్డు తలుపు వెయ్యడానికి వచ్చాడు.

మంచం మీద ఏమీ లేదు. కిటికీ గూట్లో, ఎండ తగలని మూలన ఒక స్టీలు గ్లాసు ఉంది. మూత తీస్తే మజ్జిగ. కరివేపాకు తుంచి వేసి ఉంది. చెంచురామయ్య మజ్జిగ ముట్టడు, రొంప పడతాదంటాడు.

మాల్యాద్రి మూత మళ్ళీ పెట్టి, రేవతి వచ్చేదాకా గడప మీద కూచున్నాడు. గూట్లో గ్లాసు నిండుగా అట్లాగే ఉంది.