తొడుగు తీసిన చెయ్యి

పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టి, తమ్ముడి కుర్చీ పక్కన తువ్వాలు వేసేది ఆల్డియా. ఆ తరవాతే తన మొహం కడుక్కునేది. తువ్వాలు ఎందుకంటే, లూసియెన్‌కి కుడి అరచేతిలోంచి ఏరు కారేది. పుట్టినప్పట్నించీ అంతే. మా ఊరి ఏరే, వేరే ఊరి నీళ్ళు కాదు. మార్చి నెలలో చేతిలో మంచు పలుకులు తేలేవి. ఆగస్టులో గోరువెచ్చగా ఉండేది. పిల్లోడు ఎడం చేత్తో రాయడం నేర్చుకున్నాడు, అంతకుమించి ఎవరూ ఏవీ అనుకోలేదు. కొందరికి మెల్లకన్ను ఉంటది, వీడికి ఇది.

మాది అమెరికాలో మేన్ రాష్ట్రంలో కాయితం మిల్లు ఊరు. ఊరంతా కుళ్ళిన క్యాబేజీ కంపు. కొత్తోళ్ళు ముక్కు మూసుకుంటే "అది జీతం వాసనలే" అనేవోళ్ళం. మిల్లు రంగు కాయితం చేసిన రోజున ఏరు ఆ రంగు, లూసియెన్ చెయ్యి కూడా ఆ రంగే. పిల్లల్ని ఈతకి పంపేముందు తల్లులు కిటికీలోంచి కేకేసేవోళ్ళు.

"ఒరేయ్ లూసియెన్, చెయ్యి చూపించరా."

"ఇవాళ పచ్చ అత్తా."

"అయితే ఇంట్లోనే పడుండండర్రా."

కొన్నేళ్ళకి ఏ రంగు కాయితం చేసినా చెయ్యి నల్లగానే కారేది. పిల్లలు ఈత మానేశారు. తల్లులు అడగడమూ మానేశారు.

వాడు చదువుకున్నాడు, లాయరయ్యాడు. మిల్లోళ్ళే పెట్టుకున్నారు. లోపల రబ్బరేసిన తోలు తొడుగొకటి కుట్టించి ఇచ్చారు, కాయితాలు తడవకుండా. ఆ తొడుగేసుకుని చాలా కేసులు గెలిచాడు. ఆల్డియా మిల్లులోనే కాయితాలు ఏరే గదిలో పనిచేసేది. ఆవిడకి గొప్పగానే ఉండేది, తమ్ముడు పట్నం కోటేసుకుని మెట్లెక్కుతుంటే.

ఒనెజిమ్ అని పాలు పోసేవోడు ఒకడుండేవోడు. ఏట్లో నీళ్ళు తాగి వాడి ఆవులు పోయినయ్యి. కేసేశాడు. లూసియెన్ మిల్లు తరపున నిలబడి, ఆవులు వేరే రోగంతో పోయినయ్యని నిరూపించి గెలిచాడు. బయటికొచ్చాక, పెద్దమనిషి కదా, ఒనెజిమ్‌కి చెయ్యి చాపాడు. మా ఊళ్ళో ఒక పద్ధతుంది. తగువు తీరిందంటే, మాట ఇచ్చుకున్నారంటే, ఉత్త చేతులు కలపాలి. ఎంత చలైనా సరే తొడుగు తియ్యాల్సిందే. తొడుగుతో ఇచ్చిన మాట ఇవ్వనట్టే లెక్క. లూసియెన్ అది మర్చిపోయాడు. తొడుగు అలవాటైపోయింది మరి. ఒనెజిమ్ ఆ తోలు వేపు చూసి తన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"మీ నాన్నెప్పుడూ ఇట్లా ఇవ్వలేదు నాయనా," అన్నాడు. ఎల్లిపోయాడు.

ఆ సాయంత్రం లూసియెన్ తొడుగు తీసి ఆల్డియా పొయ్యిలో పడేశాడు. రబ్బరు కాలి ఇల్లంతా పొగ.

"నీకేవన్నా మతి పోయిందా?"

"ఉద్యోగం మానేశానక్కా."

అప్పుడే రాజధాని అగస్టాలో ప్రెభుత్వం ఏర్లూ గాలీ చూసుకోడానికి కొత్త ఆఫీసు పెట్టింది. అందులో చేరాడు, సగం జీతానికి. ఏళ్ళ తరబడి అదే పని. పడవేసుకుని తిరగడం, సీసాల్లో నీళ్ళు పట్టడం, ఫ్యాక్టరీలోళ్ళ చేత తిట్లు తినడం. ఎక్కడున్నా చేతిలో మాత్రం మా ఏరే, నల్లగా. మిగతా ఏర్లన్నీ ఒక్కోటే తేటపడుతుంటే, అది చూసుకుని పళ్ళు కొరుక్కునేవోడు. ఆఖరికి మా మిల్లు లైసెన్సు గడువు తీరింది. ఫైలు వాడి బల్ల మీదికొచ్చింది. మురుగు తేర్చే చెరువులు తవ్వితేనే లైసెన్సు, లేదంటే లేదన్నాడు.

మిల్లు మేనేజరు హాలిస్ దొర బోస్టన్ నించి వచ్చినోడు. చెరువులు తవ్వమంటే మిల్లు మూసేస్తామన్నాడు. ఇంకేవుంది, కాయితాలు ఏరే గదిలో ఆల్డియాకి రోజూ సూదిపోట్లే.

"ఏవమ్మా ఆల్డియా, మీ తమ్ముడు మా కంచంలో కూడు తీసి చేపలకి పెడతన్నాడంట?"

"చేపలకి ఓట్లున్నయ్యేమోలేవే."

శనివారం ఆల్డియా చిక్కుడు గింజలు ఉడకేసి తమ్ముడికి వడ్డిస్తూ అడిగింది.

"నా ఉద్యోగం పోతే నువ్వు పెడతావా కూడు?"

"పెడతాను."

"ఊరందరికీ పెడతావా?"

వాడు చెంచా కింద పెట్టాడు. "పెట్టలేను. అయినా వెనక్కి తగ్గనక్కా. మూసెయ్యరు. లాభం ఎంతొస్తదో నేను చూశాను, ఒకప్పుడు వాళ్ళ లాయర్నే కదా. బెదిరిస్తారు, అంతే."

"ఒకవేళ మూసేస్తే?"

"అప్పుడు నన్ను తిట్టండి. పడతాను."

చర్చి కింద హాల్లో పెట్టారు మీటింగు. జనవరి. లోపల కూడా నోట్లోంచి పొగొస్తంది. ఊరంతా వచ్చింది. హాలిస్ దొర కోపంగా మాట్లాడాడు, లెక్కలు చెప్పాడు. లూసియెన్ గొంతు పెంచలా. ప్రెతి మాటకీ ఒకటే జవాబు: చెరువులు తవ్వండి, గడువు ఇస్తాను, మూసెయ్యక్కర్లేదు. జనం అరిచారు, తిట్టారు. వాడు నిలబడే ఉన్నాడు, చెయ్యి కింద బకెట్టు పెట్టుకుని. చీకటి పడే వేళకి దొర అలిసిపోయాడు.

"సరే. తవ్విస్తాం," అన్నాడు. అని చెయ్యి చాపాడు.

ఉన్ని తొడుగుతోటి.

హాల్లో అందరి కళ్ళూ ఆ తొడుగు మీదే. పాపం దొరకి అర్థం కాలా, చెయ్యి చాపుకునే నిలబడ్డాడు. లూసియెన్ కదల్లా. వెనకెక్కడో ఒకడు "చూశారా, తవ్వడు" అన్నాడు. అప్పటిదాకా లూసియెన్‌ని తిట్టినోళ్ళే, కుర్చీలు జరుపుకుంటూ లేచారు. మిల్లు మీద బతికేవోళ్ళే గానీ, అబద్ధం మాట మా హాల్లో చెల్లదు.

ఆల్డియా మూడు వరసల వెనక ఉంది. తనకి జీతం ఇచ్చే దొర. అయినా నోరు ఊరుకోలా.

"తొడుగు తియ్యి దొరా. మా దగ్గర మాటంటే ఉత్త చెయ్యి."

"ఆయన చెయ్యి తడి కదమ్మా," అన్నాడు దొర.

"నీ మిల్లు నీళ్ళేగా."

ఎవరో కిసుక్కుమన్నారు. దొర మొహం ఎర్రబడింది. పళ్ళతో లాగి తొడుగు తీశాడు, లూసియెన్ చెయ్యి పట్టుకున్నాడు. నల్లనీళ్ళు దొర మోచేతి దాకా కారినయ్యి. వదిలాక రుమాలుతో తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. మళ్ళీ తడి. బకెట్టు దగ్గర లూసియెన్ తన అరచెయ్యి దీపం కేసి తిప్పి చూసుకుంటన్నాడు. పొడిగా ఉంది. గీతలు కనపడతన్నయ్యి, పసిపిల్లాడి చేతికున్నట్టు. ఆల్డియా ఎల్లి బకెట్టు తీసి దొర చెయ్యి కింద పెట్టింది. ఆ రాత్రి ఊరు దాని గురించి మాట్లాడలా. చెరువుల గురించే మాట్లాడింది.

తవ్వించాడండీ దొర. తరవాత బోస్టన్‌లో ఉన్న మిల్లు యజమానులు మిల్లు ఖర్చు తగ్గించమని చెప్పి, ఆయన్ని మంచి జీతానికి అక్కడికి పిలిచారు. ఎల్లాడు కూడా. ఇక్కడ మురుగు చెరువుల పంపులు ఆపేసిన రోజున అక్కడ భోజనం బల్ల మీద ఆయన చెయ్యి నల్లబడింది. వాళ్ళావిడ పక్కనే కూర్చునుంది. లేచి మిల్లుకి ఫోన్ చేసి "పంపు ఎవడు ఆపాడు?" అని అరిచాడంట. వారం తిరిగేసరికి సామాను వేసుకుని మా ఊరే వచ్చేశాడు. ఏటి పక్క ఇల్లు కొనుక్కున్నాడు. మిల్లు మూతపడలా. ఆల్డియా అందులోనే పెన్షను దాకా చేసింది.

పోయిన శీతాకాలం లూసియెన్ మంచం పట్టాడు. ఆఖర్లో గుటక దిగలా. ఆల్డియా గ్లాసు పెడితే తల తిప్పేసుకుంటన్నాడు. చూడ్డానికొచ్చిన హాలిస్ ముసిలోడు మంచం మీద కూర్చుని, ఏవీ అడక్కుండా, అరచెయ్యి దోసిలిగా ఒంచి వాడి పెదాల దగ్గర పెట్టాడు. ఆల్డియా ఆపబోయింది. ఆ చేతి నీళ్ళు ఒకప్పుడు కుక్క కూడా ముట్టేది కాదు. తీరా చూస్తే, నీళ్ళ అడుగున ముసిలోడి చేతి గీతలు కనపడతన్నయ్యి. వదిలేసింది.

లూసియెన్ తాగాడు. నెమ్మదిగా, చేతిలో ఉన్నదంతా.

"ఎట్లా ఉందిరా?" అంది ఆల్డియా.

"చల్లగా ఉందక్కా," అన్నాడు. "ఇంకొంచెం పొయ్యమను."