వెనక్కి పోని బస్సు

మా ఊళ్లో మనుషులు తక్కువ, బండ్లు ఎక్కువ. జనాభా లెక్కలవాళ్లు మనుషుల్నే లెక్కపెడతారు కాబట్టి మాది పల్లెటూరు. బండ్లని లెక్కపెట్టుంటే ఈపాటికి పట్నం అయిపోయేది.

ఊరికి ఉన్నది ఒకటే బస్సు. పొద్దున పట్నం తీసుకెళ్తుంది, సాయంత్రం దింపుతుంది. దాన్ని మేమందరం ప్రాణంగా చూసుకుంటాం. ఎక్కం, అంతే. రోజూ ఎక్కేది మా వదిన. పట్నం ఆసుపత్రిలో నర్సు.

ఉన్నట్టుండి డిపో నుంచి కబురొచ్చింది. జనాభా తక్కువ, టిక్కెట్లు ఇంకా తక్కువ, సోమవారం ఆఫీసరు ఆ బస్సులోనే వచ్చి చూస్తాడు, జనం లేకపోతే బస్సు రద్దు అని.

"పోతే పోనీ. నేను దింపుతాగా" అన్నాడు అన్నయ్య.

"మొన్న వానరోజు ఏమన్నారు?" అంది వదిన.

"బండి తడుస్తుందన్నా."

"పెళ్లాం తడిస్తే?"

"నువ్వు ఆరతావు కదే. దానికి సర్వీసింగ్ చేయించాలి."

నిజమే చెప్పాడు కాబట్టి నేను కలగజేసుకోలేదు. అన్నయ్య స్కూటర్ సీటుకి షోరూమ్ ప్లాస్టిక్ కవర్ ఇంకా అలాగే ఉంది.

"పోనీ ఉద్యోగం మానేయరాదూ" అన్నాడు, చాలా ప్రేమగా.

"నేనూ మానను, బస్సునీ మాననివ్వను" అంది వదిన.

ఇంటింటికీ తిరిగి సోమవారం రమ్మని చెప్పింది. అందరూ మాటిచ్చారు. "బస్సంటే ఊరి పరువమ్మా" అన్నాడు మాస్టారు, కారు కడుగుతూ. ఆయన కారు బయటికి తీసేది కడగడానికే.

సోమవారం ఊరు ఊరంతా వచ్చింది. కాకపోతే బస్టాపు ఊరి చివర. బస్సెక్కడమే నామోషీ, మళ్లీ దానికోసం నడవడం కూడానా? ఎవరి బండి మీద వాళ్లొచ్చారు. ఇస్త్రీ నలుగుతుందని మాస్టారు ఏకంగా కారే తీశాడు. మా ఇంటి గుమ్మంలోంచి చూస్తే బస్టాపు కనిపిస్తుంది. అయినా నేనూ బండి తీశాను, బ్యాటరీ పాడవకూడదని. బస్సు తిరగాల్సిన చోటంతా బండ్లతో నిండిపోయింది.

బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, ఆగిపోయింది.

ఆఫీసరు కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాడు. "దారే లేదు. వెనక్కి పోనీవయ్యా."

డ్రైవర్ అద్దంలో చూశాడు. "వెనక్కి పోదు సార్."

"ఏం, రిపేరా?"

"ఒకావిడ సార్."

వదిన డ్యూటీ బ్యాగు భుజాన వేసుకుని బస్సు వెనక నిలబడింది. ఆఫీసరు దిగొచ్చాడు.

"అడ్డు తప్పుకోమ్మా."

"తప్పుకోను. ముందుకి పోనివ్వండి."

"ముందు బండ్లున్నాయి కదమ్మా!"

"తీస్తారు. ఏమండీ! మాస్టారూ! మరిదీ! బండ్లన్నీ బడి ఆవరణలో పెట్టి రండి. అప్పటిదాకా నేనిక్కడే."

పక్కవాడు తీస్తే తీద్దామని ప్రతివాడూ ఆగాడు. డ్రైవర్ ఇంజన్ ఆపేసి, దిగొచ్చి వదిన పక్కన నిలబడ్డాడు.

అన్నయ్య గొంతు తగ్గించి, "జరగవే, నలుగురూ చూస్తున్నారు" అన్నాడు.

"చూడ్డానికేగా రమ్మంది!"

అన్నయ్య వెళ్లి స్కూటర్ తీశాడు. ఆ తర్వాత అందరం తీశాం.

తిరిగొచ్చేసరికి వదిన ఫుట్‌బోర్డు మీద బ్యాగు తెరిచి నిలబడుంది. "తాళంచెవులు ఇందులో వేసి ఎక్కండి."

"నా కారుదీనా? సాయంత్రం కడగాలమ్మాయ్!" అన్నాడు మాస్టారు.

"కడగడానికి తాళమెందుకు మాస్టారూ? నడపరుగా."

వేశాడు. అన్నయ్య వేశాడు. నేనూ వేశాను.

బస్సు కిక్కిరిసిపోయింది. ఆఫీసరు సీటు మీద మాస్టారు అప్పటికే చేతిరుమాలు వేసేశాడు. ఆఫీసరు కడ్డీ పట్టుకుని నిలబడి అడిగాడు. "ఇవాళ సరే. రేపు కూడా ఇంతమందీ ఎక్కుతారా?"

అందరం కిటికీల్లోంచి బయటికి చూశాం.

వదిన బ్యాగు జిప్పు వేసి ఒళ్లో పెట్టుకుంది. లోపల గలగలమంది.

"ఎక్కుతారు సార్. బస్సు రద్దవదని మీరు కాగితం ఇచ్చేదాకా ఈ బ్యాగు నా దగ్గరే ఉంటుంది."

మర్నాడూ బస్సొచ్చింది. నాకు సీటు దొరకలేదు.