కమలక్క కొంగు లేవలేదు

సినిమా ఎవరు చూడొచ్చో తేల్చడానికి సర్కారుకు ఒక బోర్డు ఉంటే, ఛత్రినాకలోని ఆ గల్లీకి కమల కొంగు ఉండేది.

పోస్టరు మూలన యూఏ అని రాసి, పక్కన పదమూడో పదహారో వేస్తారు కదా, దాన్ని ఆ గల్లీ తల్లులు పట్టించుకునేవారు కారు. "ఆ నంబరేసినోడు మా దీక్షిత్‌గాన్ని ఎన్నడన్న చూసిండా? పద్నాలుగేండ్ల పోరడు, బొద్దింక కనవడితె మంచమెక్కుతడు. ఎదురింటి పోరడు వీనికంటె చిన్నోడు, కోడిని పట్టుకొమ్మంటె పట్టుకుంటడు, కోయమంటె కోస్తడు. ఇద్దరికీ ఒకటే నంబరా?" అని అడిగేది కమల ఇంటి కింది వాటాలో ఉండే రాజమణి. ఆ ప్రశ్నకు బోర్డు దగ్గర జవాబు ఉందో లేదో కానీ, గల్లీ దగ్గర ఉంది. ఫైటింగు సినిమా ఏదైనా శుక్రవారం విడుదలైతే శనివారం మ్యాట్నీకి కమల వెళ్ళాలి. ఆదివారం పొద్దున నల్లా దగ్గర తీర్పు చెప్పాలి.

కమలకు సినిమా పిచ్చి ఏమీ లేదు. ఆమెకున్నదల్లా ఒక అలవాటు. తెర మీద నెత్తురు కారినా, ఆడపిల్లను ఎవడైనా ఏడిపించినా, ఆమె చీర కొంగు దానంతటదే పైకి లేచేది. చేయి లేపినట్టు ఆమెకే తెలిసేది కాదు. ఈ సంగతి మొదట కనిపెట్టింది కొడుకు అక్షయ్. బడికి పోయే వయసులో ఒకసారి హాల్లో తెరను వదిలేసి తల్లినే చూస్తూ కూర్చుని, ఇంటికొచ్చి గల్లీ అంతా చాటింపు వేశాడు. తర్వాత దానికి కొలతలు పెట్టింది కూడా వాడే. కొంగు మూతి దాకా లేస్తే పన్నెండు దాటినవాళ్ళు నిశ్చింతగా వెళ్ళొచ్చు. ముక్కు దాకా లేస్తే తల్లో తండ్రో పక్కన కూర్చోవాలి. కళ్ళ మీదికి పోయిందా, ఆ సినిమా పేరు ఇంట్లో ఎత్తకూడదు. నవ్వులాటగా మొదలైనా తల్లులకు అది బాగా అక్కరకొచ్చింది. "కొంగు ఏడిదాక పోయింది కమలక్కా?" అని ఆమె బిందె కింద పెట్టకముందే అడిగేవారు. కమల చేత్తో చూపించేది. దాని మీద ఇక అప్పీలు లేదు.

నిరుడు అక్షయ్ చనిపోయాడు. బోనాల మర్నాడు ఘటాల ఊరేగింపు చూసి, దోస్తు బండి మీద వెనక కూర్చుని వస్తుంటే, జహనుమా దగ్గర బండి డివైడరుకు కొట్టుకుంది. నడిపినవాడికి చేయి విరిగింది. వెనక ఉన్నవాడు ఎగిరి పడ్డాడు. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చినప్పుడు ఒక కాలికే బూటు ఉంది. తెల్ల బూట్లు, పండగకని కొత్తగా కొన్నవి. తండ్రి గుండయ్య బస్సు డిపోలో మెకానిక్కు. మట్టి చేసి వచ్చిన మర్నాడు ఒక్కడే వెళ్ళి ఆ రోడ్డు అంచులన్నీ వెతికాడు. దొరకలేదు. ఉన్న ఒక్క బూటును తలుపు పక్కన స్టాండు మీద పెట్టారు. దాన్ని ఎవరూ తీయలేదు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

కమల ఏడవలేదు. ఏడవలేదని చుట్టాలు గుసగుసలాడారు కూడా, వాళ్ళకేం పని. ఆమె వంట చేసింది, బట్టలు ఉతికింది, ఎవరైనా నవ్వితే తనూ పళ్ళు కనబడేలా మూతి సాగదీసింది. నల్లా కింద బిందె నిండి నీళ్ళు పాదాల మీదుగా పారుతుంటే అలాగే చూస్తూ నిలబడేది. ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో అడిగితే చెప్పగలిగేది కాదు. మనిషి లోపల నొప్పి తెలిసే చోటు ఒకటి ఉంటుంది. ఆమెకు అది మొద్దుబారింది. మొద్దుబారిందని తెలియాలన్నా అదే పనిచేయాలి, అదీ చిక్కు.

ఆమెను మళ్ళీ సినిమాకు లాక్కుపోయింది రాజమణి. నాలుగు గోడల మధ్య కూర్చుంటే మనిషి ఏమైపోతుందోనని, మంచి మనసుతోనే. ఆ శనివారం తెర మీద తలలు తెగాయి. కొంగు ఒళ్ళోనే ఉంది. ఆ తర్వాతి సినిమాకూ అంతే, ఆ తర్వాతి దానికీ అంతే. ఆదివారం నల్లా దగ్గర కమల "లేవలే" అని చెప్పేది, తల్లులు సంతోషించేవారు. "ఈ నడుమ మంచిగనే తీస్తున్నరు పో" అనుకునేవారు. ఇక పోరగాళ్ళ సంబరం చెప్పనక్కర్లేదు. గొడ్డళ్ళు, రంపాలు, మెషిన్ గన్నులు, అన్నీ కమలక్క సర్టిఫికెట్టుతో దర్జాగా చూసి వచ్చారు. తరాజు పాడైందేమో చూద్దామని ఒక్క ప్రాణికైనా తట్టలేదు. కూరగాయల బండి దగ్గర తరాజు ముల్లు కాస్త పక్కకు జరిగితే లొల్లి పెట్టుకునే ఆడవాళ్ళే వీళ్ళంతా.

ఈ జూన్‌లో బడులు తెరిచాక ఇంకో పెద్ద ఫైటింగు సినిమా వచ్చింది. కమల కూతురు మనస్విని పదో తరగతిలోకి వచ్చింది. అన్న పోయాక ఆ పిల్ల సినిమా హాలు మెట్లెక్కలేదు. ఎప్పుడూ అన్నతో వెళ్ళేది, అన్న పక్కనే కూర్చునేది. ఇప్పుడు తన దోస్తు రూప, కింది వాటా దీక్షిత్ పోదామని పట్టుబడితే, ఏడాదిలో మొదటిసారి తనకూ పోవాలనిపించింది.

"పోనీ దాన్ని," అన్నాడు గుండయ్య అన్నం ముందు తల వంచుకుని. "ఇంట్ల ఎన్నిదినాలని గట్ల గోడకానుకోని కూసుంటది."

ఆయన లేచి వెళ్ళాక మనస్విని వంటింటి గుమ్మంలో నిలబడి గోళ్ళు గిల్లుకుంది. "నేను పోతనమ్మా. కానీ ముందు నువ్వు చూసి రా. బండి మీదికెల్లి పడుడు గిట్ల ఉంటే నేను పోను. అన్న యాదికొస్తడు."

"చూస్త," అంది కమల.

శనివారం ఆటో ఎక్కి దబీర్‌పురా అవతల ఉన్న పాత టాకీసుకు వెళ్ళింది. ఫ్యాను కింద సీటు చూసుకుని కూర్చుంది. "మూంగ్‌ఫలీ అమ్మా?" అని వచ్చిన మనిషి దగ్గర ఒక పొట్లం పల్లీలు తీసుకుంది. సినిమా మొదలైంది. హీరో కొట్టాడు, వాళ్ళు పడ్డారు, మళ్ళీ లేచారు, మళ్ళీ కొట్టాడు.

ఇంటర్వెల్‌కు కాస్త ముందు, కిక్కిరిసిన బజార్లో బండ్ల మీద తరుముకోవడం వచ్చింది. విలన్ మనుషులు ఇద్దరు ఒక బండి మీద పోతున్నారు. హీరో పక్కకొచ్చి బండిని ఒక్క తన్ను తన్నాడు. అది డివైడరుకు గుద్దుకుంది. వెనక కూర్చున్నవాడు గాలిలోకి ఎగిరాడు. వాడి బూటు ఊడి, గిర్రున తిరుగుతూ పోయి, రోడ్డు పక్క హోటల్లో మరుగుతున్న పాల గంజులో పడింది. హోటల్ ఆయన గరిటెతో బూటును పైకి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. హాలంతా విరగబడి నవ్వింది. వెనక వరసలో ఎవడో ఈల వేశాడు.

కమల ఇంకో పల్లీ ఒలిచింది.

ఆమె చూడలేదనుకోవడానికి లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, తెర వైపే ఉన్నాయి. కూతురు చెప్పిన మాట కూడా గుర్తుంది. కానీ ఆమె కనిపెట్టుకుని ఉన్నది తెరను కాదు, తన కొంగును. ఇన్నేళ్ళుగా చెడ్డది ఏదొచ్చినా ఆమెకంటే ముందు కొంగుకే తెలిసేది. అది లేవలేదు కాబట్టి చెడ్డది ఏదీ రాలేదు. ఆ లెక్క ప్రకారమే ఆమె సినిమా చివరిదాకా కూర్చుంది. లైట్లు వెలిగాక ఒళ్ళోకి చూసుకుంటే కొంగు నిండా పల్లీ పొట్టు ఉంది. దులుపుకుని లేచింది.

మనస్విని మెట్ల మీదే ఎదురుచూస్తోంది. "ఉన్నదా అమ్మా, గట్లాంటిది?"

"లేదు. కొంగు లేవలే. పో."

పిల్ల ముఖం వికసించింది. ఆ సాయంత్రం తనే డ్రెస్సు ఇస్త్రీ చేసుకుంది. ఏ సీట్లలో కూర్చోవాలో రూపతో చాలాసేపు ఫోన్లో మాట్లాడింది. వంటింట్లోంచి వినబడుతున్న ఆ మాటల కోసం గుండయ్య టీవీ సౌండు తగ్గించాడు.

ఆదివారం ముగ్గురూ వెళ్ళారు. కమల నేల మీద కూర్చుని గోంగూర ఆకు తెంపుతోంది. సినిమా ఇంకా అయిపోయి ఉండదు, మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మనస్విని ఒక్కతే వచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది, ముందరి జుట్టు తడిగా ఉంది.

"అప్పుడే అయిపోయిందా?"

"లేదు. ఇంటర్వెల్‌ల వచ్చేసిన. రూప ఆటోల తెచ్చి దించింది." తల్లికి ఎదురుగా కూర్చుంది. కాసేపు గోంగూర కట్టనే చూసింది. "అమ్మా, నువ్వు సినిమా మొత్తం చూసినవా?"

"చూసిన."

"నడుమల నిద్రవట్టిందా?"

కమలకు ఏమీ అర్థం కాలేదు.

"పడితె పట్టిందని చెప్పు. నేనేమనుకోను. నిన్న మస్తు ఉక్కవోసింది గదా, ఫ్యాను కింద కూసుంటె ఎవరికైనా నిద్రొస్తది."

పిల్ల తల్లికి దారి చూపిస్తోంది. నిద్రపోయానని ఒక్క మాట అంటే చాలు, క్షమించి లేచి వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉంది. ఇంకెవరైనా అయితే ఆ మాట పట్టుకుని గట్టెక్కేవారు. కానీ అబద్ధం ఆడాలన్నా మనిషికి ఏదో ఒక భయమో ప్రేమో లోపల కదలాలి. కమలలో ఏదీ కదల్లేదు.

"లేదు బిడ్డా. నిద్రవట్టలే. అంతా చూసిన."

"మరి ఆ బజార్ల సీను?"

"ఏ సీను?"

"బూటు... పాలగంజుల పడుతది జూడు."

"అది కామెడీ గదా," అంది కమల.

మనస్విని తల్లి ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. తెలిసిన ఇంటికి వచ్చి తలుపు కొడితే ఎవరో కొత్తవాళ్ళు తీసినట్టు చూసింది. "అందరు నవ్విన్రు," అంది మెల్లగా. "దీక్షిత్ గూడ నవ్విండు, మళ్ల నన్ను చూసి ఆపేసిండు. నాకు ఊపిరాడలే." కట్టలోంచి ఒక ఆకు తుంచింది. "నువ్వు గూడ నవ్వినవా అమ్మా?"

కమల వెతుక్కుంది. హాలు గుర్తుంది, ఫ్యాను గుర్తుంది, పల్లీలు కాస్త మెత్తబడి ఉండటం గుర్తుంది. హాలంతా నవ్వడం గుర్తుంది. ఆ నవ్వులో తన నవ్వు ఉందో లేదో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"యాదికి లేదు," అంది.

అది నిజమే. ఆ నిజం తన నోట్లోంచే వచ్చి చెవిన పడ్డాక కమలకు భయం వేసింది. ఈ ఏడాదిలో ఆమెకు ఏదైనా అనిపించడం అదే మొదలు. కన్నకొడుకు ఎలా పోయాడో తెర మీద వేసి చూపిస్తే పల్లీలు తింటూ కూర్చుంది. పైగా వచ్చి, చూడమని కూతురిని పంపింది. గోంగూర కాడ ఒకటి చేతిలోనే ఉండిపోయింది.

"బిడ్డా, నాకు చెప్పు. ఆ సీనుల ఏమైందో మొదటికెల్లి చెప్పు. నేను చూసిన గాని చూడలే."

మనస్విని వద్దన్నట్టు తల ఊపింది. తల్లి చూపు మారలేదు. పిల్లే మొదలుపెట్టింది.

"బండి మీద ఇద్దరుంటరు. ఎనకాలోడు సన్నగ ఉంటడు. దేన్నీ పట్టుకోడు. చేతులు ఇడిచిపెట్టి ఊగుకుంట పోతడు, అన్న ఊగినట్టె. బండి డివైడర్‌కు తాకుతది. నడిపెటోడు గాడనే పడతడు. ఎనకాలోడు..."

"ఊఁ."

"ఎగురుతడు. ఏడ పడ్డడో చూపియ్యరమ్మా. ఎంత దెబ్బ తాకిందో చూపియ్యరు. బూటొక్కటే చూపిస్తరు."

కమల చేతిలోంచి గోంగూర కాడ జారింది. చేయి లేచింది. లేచినట్టు ఆమెకు తెలియదు. ఎదురుగా కూర్చున్న పిల్లకే కనబడింది. కొంగు మూతి దాటింది, ముక్కు దాటింది, కళ్ళ మీదికి వచ్చి ఆగింది. తెర లేదు, హాలు లేదు, ఆదివారం మధ్యాహ్నపు ఎండ గుమ్మంలో పడి ఉంది. తలుపు పక్కన స్టాండు మీద ఒక తెల్ల బూటు దుమ్ము పట్టి ఉంది.

"మన అక్షయ్‌ది రెండో బూటు దొరకనేలేదు గదా," అంది కమల కొంగు లోపలినుంచి.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు, ఇన్నాళ్ళూ.

"దొరకలేదమ్మా."

"ఒక కాలు ఉత్తదే బిడ్డా వానికి," అంది. "రాళ్ళు గుచ్చుకుంటయి."